ముట్టుకుని చూడండి

"నేనూ వస్తాను," అంది అత్త మళ్ళీ. ఈసారి చెప్పులేసుకుని మరీ అంది.

కోడలు గిన్నెలు తోముతున్న చెయ్యి ఆపలేదు. ఆపితే మొహం చూడాలి. మూడు రోజులుగా ఆమె ఈ ఇంట్లో ఎవరి మొహమూ చూడకుండా పనులు నెట్టుకొస్తోంది.

"ఎండ మండిపోతోంది అత్తయ్యా. అక్కడ జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతుంటారు. మీకసలే చూపు ఆనదు."

"చూపు ఆననివాళ్ళు వెళ్ళాల్సిన చోటే అది. నీ కూతురే చెప్పింది. చూడక్కర్లేదు నానమ్మా, అన్నీ చేత్తో తడిమి తెలుసుకునేవే అంది. దాని బల్ల దగ్గరికి ఊరంతా వెళ్తుంటే నేను గోడలు తడుముకుంటూ కూర్చోవాలా?"

"మోకాళ్ళు నొప్పులన్నారు కదా పొద్దున."

"అవి రోజూ ఉండేవేగా. ఇంతకీ నీకేమొచ్చింది? నువ్వు తీసుకెళ్ళకపోతే ఎదురింటి దర్జీతో పోతాను. పిల్లల్ని తీసుకెళ్తున్నాడట. బండి మీద వెనకాల నన్ను కూడా ఎక్కించుకుంటాడు."

అత్త మాట అంటే అన్నట్టే. నలభై ఏళ్ళు పరుపులు కుట్టి సంసారం ఈదిన మనిషి. పరుపు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ పోతే, లోపల దూదిలో గింజ ఎక్కడ మిగిలిందో చెప్పేసేది. కళ్ళు మసకబారాక ఆ వేళ్ళు ఇంకా పదునెక్కాయి. ఇంట్లో ఎవరు నీరసంగా ఉన్నా ముందు ఆమెకే తెలిసేది, చెయ్యి పట్టుకుని.

కోడలికి భయమంతా ఆ వేళ్ళతోనే.

"పదండి, నేనే తీసుకెళ్తాను," అంది చేతులు కడుక్కుంటూ. పక్కనుంటే కనీసం అడ్డం పడొచ్చు.

ఇదంతా ఒక ప్లాస్టిక్ బొమ్మ విరగడంతో మొదలైంది. వైద్య కళాశాల వాళ్ళు ఏటా రెండు రోజులు జరిపే సైన్స్ మేళాలో ఎముకల బల్ల ఒకటి ఉంటుంది. దాని మీదికి వెళ్ళే ప్లాస్టిక్ అస్థిపంజరం మెట్ల మీంచి దొర్లి నడుం దగ్గర రెండు ముక్కలైంది. దాంతో ప్రొఫెసరమ్మ అసలు అస్థిపంజరాన్నే తీసుకురమ్మంది. ఎముకల గది అటెండరు, అంటే ఈ ఇంటాయన, ఉద్యోగంలో చేరిన ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆవిడకి ఎదురు చెప్పాడు.

"ఆయన బయటికి రాడు మేడమ్," అన్నాడట.

ఆ కాలేజీలోనే రెండో ఏడు చదువుతున్న కూతురికి, ఇంట్లో అంతా పిచ్చుక అని పిలిచే పిల్లకి, తల కొట్టేసినట్టయింది. మేళాలో ఆ బల్ల దానికే అప్పగించారు. ఇంటికొచ్చి తండ్రి మీద విరుచుకుపడింది.

"అందరూ నవ్వుతున్నారు నాన్నా. బొమ్మ కోసం మేడమ్‌తో గొడవేంటి?"

"బొమ్మ అనకు," అన్నాడు అటెండరు. అని, ముందున్న కంచం పక్కకి తోసేసి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

కోడలు వెనకాలే వెళ్ళింది. మనిషి కుళాయి దగ్గర గట్టు మీద కూర్చుని, చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. తిట్టడానికి వెళ్ళిన కోడలు పక్కన వంగి ఆయన మొహంలోకి చూసింది.

"ఏమైంది మీకు?"

"ఆయన మా అన్నయ్య."

ముందు ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్కనున్న బకెట్టు బోర్లించి దాని మీద కూలబడింది.

అన్న సంగతి ఆమెకి తెలియంది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో ఇల్లు వదిలిపోయిన పెద్దాడు. తాగొచ్చి తల్లి చెయ్యి లాగితే ఆమె గుమ్మంలో పడిపోయింది. ఇరవై ఏళ్ళ తమ్ముడికి ఒళ్ళు తెలియలేదు. అన్నని బయటికి నెట్టి తలుపేశాడు. మళ్ళీ రాకు, నువ్వు చచ్చినా మాకు కబురు పెట్టకు అని లోపలినుంచి అరిచాడు. పెద్దాడు రాలేదు. ఎక్కడో బతికే ఉన్నాడని, ఎప్పటికైనా వస్తాడని తల్లి నమ్మకం. పగలు ఆ ఇంటి తలుపుకి గడియ పెట్టనివ్వదు.

"అప్పటికి నేను కాలేజీలో చేరి నాలుగు నెలలు కూడా కాలేదు," అన్నాడు అటెండరు. "ఆసుపత్రి నుంచి అనాథ శవం వచ్చిందన్నారు. గుడ్డ తీశాను. వాడే. ఎముకలు లెక్కపెట్టేలా చిక్కిపోయాడు. అప్పటి ప్రొఫెసరుగారు కాగితం పట్టుకుని, ఇతను ఎవరికైనా తెలుసా అని అడిగారు. అందరం నిలబడి ఉన్నాం."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"అదేంటి?"

"అందామనుకున్నా. నోరు పెగల్లేదు. ఒక్క నిమిషం. ఆ నిమిషం దాటాక ఇంకెలా చెప్తాను? ఇందాక ఎందుకు చెప్పలేదని అడుగుతారు కదా. బంధువులెవరూ లేరు అని రాసిన కాగితం నా ముందు పెట్టి సాక్షి సంతకం చెయ్యమన్నారు. చేశాను."

కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. ఆయన లేచి దాన్ని బిగించి వచ్చాడు.

"పాఠాలన్నీ అయిపోయాక ఎముకలు నేనే అడిగి తీసుకున్నాను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. ప్రతి కీలూ నేనే కూర్చాను, ఇత్తడి తీగతో. ఎడమ చెయ్యి మాత్రం సరిగ్గా కుదర్లేదు. చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. మణికట్టుకి పైన కాయ కట్టినట్టుంటుంది. అమ్మే నెలల తరబడి నూనె రాసేది దానికి."

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళైన వారానికి ఆయన ఆమెని ఉత్సాహంగా కాలేజీకి తీసుకెళ్ళాడు. సినిమాకో పార్కుకో కాక ఎముకల గదికి. అద్దాల బీరువా తెరిచి, ఈయన మా పెద్దాయన అన్నాడు. కొత్త పెళ్ళికూతురు నవ్వుతూ ఆ అస్థిపంజరానికి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగితే, నవ్వు ఆపుకోలేక అనుకుంది.

ఇరవై నాలుగేళ్ళుగా ఇంట్లో అదే హాస్యం. ఈ శుక్రవారం పెద్దాయనకి దుమ్ము దులిపారా, పెద్దాయనకున్న భోగం నాకు లేదు, నన్ను కూడా ఓ బీరువాలో పెట్టి తుడవండి. ఆమె అన్న ప్రతి మాటా ఇప్పుడు తిరిగొచ్చి చెవిలో పడుతోంది. బావగారి గురించి అంటున్నానని ఆమెకేం తెలుసు.

చివరికి ప్రొఫెసరమ్మ మాటే నెగ్గింది. అటెండరు భార్యకి ఒక్క భరోసా ఇచ్చాడు. ఎడమ చేతికి గుడ్డ చుట్టి, విరిగింది తాకవద్దు అని చీటీ కడతానన్నాడు. తెల్లారకముందే వ్యానులో అస్థిపంజరం పక్కన కూర్చుని వెళ్ళాడు.

కాలేజీ పెద్ద హాలు కిటకిటలాడుతోంది. ప్రతి బల్ల మీదా ఒకే అట్ట, లావుపాటి అక్షరాలతో: ముట్టుకుని చూడండి. ఒకచోట పిల్లలు అరటిపండు మెదిపి, ఉప్పూ సబ్బునీళ్ళూ కలిపి, పైన స్పిరిట్ పోసి, అందులోంచి డీఎన్ఏ అంటూ తెల్లటి దారాల్లాంటివి పుల్లతో చుట్టి తీస్తున్నారు. ఇంకోచోట చెరువు నీటి చుక్కని మైక్రోస్కోపు కింద పెట్టుకుని ఒక లారీ డ్రైవరు పది నిమిషాలుగా కదలడం లేదు. వెనకాల వరుసలో వాళ్ళు గొణుగుతున్నారు. "ఈ నీళ్ళతోనేనండీ నేను రోజూ మొహం కడుక్కునేది," అంటున్నాడతను, ఎవరితోనో కాదు, తనతో తానే.

అత్త అన్ని బల్లల దగ్గరా ఆగింది. సున్నపురాయి తడిమింది, అయస్కాంతాల మధ్య వేలు పెట్టింది. కళ్ళకి గంతలు కట్టి సంచిలో చెయ్యి పెట్టించే ఆటలో, పక్కనున్న పట్నం కుర్రకారుని ఓడించి ఏడు గింజల పేర్లు వరసగా చెప్పింది. కోడలికి ఒక పక్క నవ్వొస్తోంది, ఒక పక్క చివరి బల్ల వైపే చూపు పోతోంది.

"ఇంక వెళ్దామా అత్తయ్యా? అలిసిపోయారు."

"పిల్ల బల్ల చూడకుండానా?"

పిల్ల బల్ల చివర్లో ఉంది. అందరికంటే అక్కడే రద్దీ. ఇనుప కొక్కేనికి వేలాడుతూ పెద్దాయన, పక్కన తెల్ల కోటులో పిచ్చుక. అటెండరు దూరంగా గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. భార్యని చూశాడు, పక్కన తల్లిని చూశాడు.

కోడలి చూపు నేరుగా ఎడమ చేతి మీదికి పోయింది. గుడ్డ లేదు.

బల్ల మీద పిచ్చుక తన చేత్తో రాసిన అట్ట ఒకటి ఉంది. "ఈయన చెయ్యి చిన్నప్పుడు ఎలా విరిగింది? తాకి, ఊహించి, చీటీ రాసి పెట్టెలో వెయ్యండి."

"నాన్న ఏదో గుడ్డ చుట్టాడమ్మా," అంది పిచ్చుక తల్లి చెవిలో. "అంత మంచి ఎముకకి గుడ్డేంటని నేనే విప్పేశాను. జనం దీనికోసమే వస్తున్నారు తెలుసా? ఇప్పటికి రెండొందల చీటీలు పడ్డాయి. సైకిల్ మీంచి పడ్డాడని కొందరు, ఎవరో కొట్టారని కొందరు. ఒకాయన పులి కరిచిందని రాశాడు."

"నానమ్మకి ఇది వద్దే. ఆ ప్లాస్టిక్‌వి ఇవ్వు."

అత్త అప్పటికే ఒక ప్లాస్టిక్ ఎముక పట్టుకుని చూసి పక్కన పడేసింది. "ఇది దువ్వెన్లా ఉంది. అసలుది ఏదే?"

"ఇదిగో నానమ్మా, ఇలా రా."

కోడలు మధ్యలోకి అడుగేసింది. ఈలోగా వెనకనుంచి జనం తోశారు. దర్జీ పిల్లలు ఆమె కొంగు పట్టుకుని ఎలుకల బల్ల ఎటని అడుగుతున్నారు. ఆమె వాళ్ళని విడిపించుకునేలోపు పిచ్చుక నానమ్మ చేతిని పట్టుకుని ఆ ఎముకల చేతి మీద పెట్టింది.

ముసలావిడ వేళ్ళు మోచేతి దగ్గర మొదలయ్యాయి. పరుపు తడిమినట్టే, తొందర లేకుండా కిందికి జరిగాయి. మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన ఆగాయి. కాస్త వెనక్కి వెళ్ళాయి. మళ్ళీ వచ్చి అక్కడే ఆగాయి.

చుట్టూ గోలగా ఉంది. కోడలికి మాత్రం ఏదీ వినబడటం లేదు.

"ఏం చెప్తావు నానమ్మా? ఎలా విరిగింది?"

"అటక మీంచి పడ్డాడు," అంది అత్త.

"అటకా? ఎవరూ ఆ మాట రాయలేదు. ఎన్నేళ్ళప్పుడు?"

"తొమ్మిదేళ్ళు."

పిచ్చుక నోరు తెరిచింది. "పదేళ్ళ లోపే అయ్యుంటుందని మేడమ్ కూడా అన్నారు. నీకెలా తెలిసింది?"

"ఊహించమన్నావుగా."

చెయ్యి మాత్రం వదల్లేదు. పిచ్చుక చీటీ తీసి, నానమ్మ మాటలే రాసి, మడిచి పెట్టెలో వేసింది.

"ఎవరే ఇతను?"

"తెలీదు నానమ్మా. ఎవరూ లేనివాళ్ళని కాలేజీకి ఇస్తారు."

"ఎవరూ లేరని ఎవరు చెప్పారు?"

"కాగితాల్లో ఉంటుంది. అప్పట్లో ఎవరో సంతకం పెడతారు."

గోడ దగ్గర అటెండరు కళ్ళు మూసుకున్నాడు.

"పోయేనాటికి ఎన్నేళ్ళుంటాయి ఇతనికి? అది కూడా తెలుస్తుందా ఎముకల్లో?"

"తెలుస్తుంది. ఇదిగో, గొంతు కింద ఈ అడ్డ ఎముక చివర చూడు. అప్పుడప్పుడే అతుక్కుంటోంది. ముప్ఫైకి అటూ ఇటూ, అంతకంటే ఉండదు."

ముసలావిడ పెదవులు కదిలాయి. లెక్క కడుతోందని కోడలికి తెలిసింది. ఇరవై ఎనిమిదికి ఇల్లు వదిలాడు. ముప్ఫైకి పోయాడు. మిగతా ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఆమె ఎవరికోసం తలుపు తెరిచి పెట్టింది?

"అంతేనా," అంది అత్త.

"అమ్మా, కొంచెం జరుగుతారా? మా పాప ముట్టుకుంటుందట," అన్నాడు వెనకాల ఎవరో.

ఆమె జరిగింది. జరిగే ముందు ఆ ఎముకల చేతిని ఊగకుండా నెమ్మదిగా కిందికి దించి వదిలింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్త తన ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని కూర్చుంది. ఏమన్నా మాట్లాడండి అత్తయ్యా అని కోడలు రెండుసార్లు అనబోయి ఊరుకుంది. అడిగితే ఏం వినాల్సి వస్తుందో.

సాయంత్రం అటెండరు వచ్చేసరికి తల్లి హాల్లో, తన పాత కుర్చీలో కూర్చుని ఉంది. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ముప్ఫై మూడేళ్ళ కిందట అన్నని నెట్టిన గుమ్మం అది.

"లోపలికి రా," అంది తల్లి.

వచ్చాడు. కూర్చోలేదు.

"నీకు మొదట్నుంచీ తెలుసు."

"తెలుసు."

"వాడి ఒంటి మీద చెయ్యి వేసిందెవరు? వాణ్ణి అలా తీగలతో కట్టిందెవరు?"

"నేనే అమ్మా."

"ఇంకెవరూ చెయ్యలేదా?"

"చెయ్యనివ్వలేదు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు చేతిలో టీ గ్లాసులు చల్లారిపోతున్నాయి.

"బొటనవేలి దగ్గర తీగ కొన బయటికొచ్చింది," అంది ముసలావిడ. "నా వేలికి గీసుకుంది. పిల్లలు ముట్టుకుంటున్నారు. అది లోపలికి వంచు."

అటెండరు భుజాలు కదిలాయి. ఏడుపు శబ్దం రాలేదు. నేల మీద కూర్చుని తల్లి మోకాలికి తల ఆనించబోయాడు. ఆమె మోకాలు పక్కకి జరుపుకుంది.

కోడలు అది చూసి ఇక ఆగలేకపోయింది. "అత్తయ్యా, అప్పుడాయనకి ఇరవై రెండేళ్ళు. భయపడ్డాడు."

"భయం ఒక రోజు ఉంటుందమ్మా. వారం ఉంటుంది. నేను ప్రతి పూటా వాడికో ముద్ద తీసి పక్కన పెట్టి తినేదాన్ని. వీడు ఎదురుగా కూర్చుని తినేవాడు. చూస్తూ తినేవాడు."

ముసలావిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"రేపు ప్రొఫెసరమ్మ దగ్గరికి వెళ్తాను," అంది అత్త. "వాడికి ఎవరూ లేరని రాసుకున్నారుగా. ఉన్నారని చెప్తాను."

"చెప్తే ఈయన ఉద్యోగం పోతుంది," అంది కోడలు. ఆ మాట ఆమె అనాలనుకోలేదు. "కేసు కూడా అవుతుందేమో. పిచ్చుక అదే కాలేజీలో ఇంకా మూడేళ్ళు చదవాలి. దానికి ఏమని చెప్తాం? పెద్దనాన్న చెయ్యి పట్టుకుని ఊరందరి చేతా తడిమించావని చెప్తామా?"

"చెప్పకపోతే రేపు మళ్ళీ తడిమిస్తుంది."

కోడలు చల్లారిన గ్లాసులు పక్కనున్న స్టూలు మీద పెట్టింది.

అటెండరు తల ఎత్తాడు. ఏదో అనబోయాడు. అంతలో వీధిలో స్కూటర్ ఆగిన చప్పుడైంది. చెప్పులు విసిరినట్టు విడిచి, తెల్ల కోటు భుజాన వేసుకుని పిచ్చుక లోపలికొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"నాలుగొందల ముప్ఫై చీటీలు," అంది. "మొత్తం మేళాలో మా బల్లే మొదటిది. అందరూ ఏంటి ఇలా ఉన్నారు? కరెంటు బిల్లు వచ్చిందా?"

ఎవరూ నవ్వలేదు. పిచ్చుక అదేమీ గమనించకుండా ఒక గ్లాసు అందుకుని చల్లటి టీ గడగడా తాగేసింది. ఆ చేత్తోనే తండ్రి భుజం మీద చరిచింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"నాన్నా, నీతో పనుంది. రేపు ఆఖర్న మేడమ్ స్టేజీ మీద కొన్ని చీటీలు చదువుతారట. నానమ్మది కూడా. చదివాక మైకు నీకిస్తానన్నారు. ముప్ఫై ఏళ్ళుగా పెద్దాయన్ని చూసుకుంటున్న మనిషి, ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమను అన్నారు. నువ్వు ఒప్పుకోవని చెప్పాను. అయినా అడగమన్నారు."

కోడలు భర్త వైపు చూసింది. మూడు రోజుల్లో మొదటిసారి సూటిగా చూసింది. వద్దని తల అడ్డంగా ఊపింది, పిల్లకి కనబడకుండా.

అత్త కదల్లేదు. చూపు ఆనని కళ్ళు కొడుకు కూర్చున్న చోటు వైపే ఉన్నాయి.

"ఏం నాన్నా, మాట్లాడవేం? వద్దంటే వద్దని చెప్పేస్తాలే."

అటెండరు నేల మీంచి లేచాడు. మోకాళ్ళు దులుపుకున్నాడు. భార్య వైపు చూడలేదు, తల్లి వైపూ చూడలేదు.

"ఎన్ని గంటలకి?" అన్నాడు.